ముడి

"ముడి ముందుకు కట్టుకో" అన్నాను
కొత్తగా చేరిన ఊషియాతో,
ఏప్రన్ చేతికిస్తూ,
బూట్లు ఏ అరలో ఉంటాయో చెప్పినంత మామూలుగా.

నాకూ అలాగే చెప్పారు, ముప్పై ఒక్కేళ్ళ కింద.
చెప్పిన ఓబ్దూలియా ఇప్పుడు లేదు.
ఆమెకెవరు చెప్పారో నేనడగలేదు.
విగో రేవు పక్కన ఈ డబ్బా చేపల ఫ్యాక్టరీలో
కత్తి పట్టడం కంటే ముందు నేర్చుకునేది అదే.

ఆ పిల్ల మాత్రం అడిగేసింది:
"ఎందుకు?"

ఎందుకంటే
బెల్టు మీద సార్డీన్లు వస్తూనే ఉంటాయి.
రెండు చేతులూ మణికట్టు దాకా నెత్తుటి నీళ్ళలో ఉంటాయి.
తల తిప్పితే వేలు తెగుతుంది.
అప్పుడు వీపు మీద ముడి కనిపిస్తే
సరిచేయడానికి సూపర్‌వైజర్ ఎలాడియో వస్తాడు.
"వదులైందమ్మాయ్" అంటాడు.
ఒక్కనాడూ వదులు కాలేదు.

ఇదేదీ చెప్పలేదు నేను.
"ఇక్కడంతే" అన్నాను.

గుర్తులు అడగండి, చెబుతాం.
అతని బూట్ల చప్పుడుకన్నా ముందే
రేడియోతో పాటు పాడే గొంతులు ఆగిపోతాయి.
అతని జోకుకి నవ్వు అరక్షణం ఆలస్యంగా వస్తుంది,
అందరికీ ఒక్కసారే.
ఐసు గదికి ఇద్దరిద్దరమే వెళతాం.
చెయ్యి విదిలించిన రెమెదియోస్‌కి
మర్నాటి నుంచి తెల్లారుజాము షిఫ్టు,
ఆ మోకాళ్ళతో పెట్టెలు మోసే పని.

మొప్ప ఎత్తి చూసి
చేప ఎన్నాళ్ళదో చెప్పేవాళ్ళం,
ముక్కు కింద ముప్పై ఏళ్ళు కుళ్ళినదాన్ని మాత్రం
"ఆయన తీరే అంత" అని ఊరుకున్నాం.

నవంబరు, గురువారం. బయట వాన.
ఊషియా ముడి వెనక్కి కట్టుకొచ్చింది.
మరిచిపోయిందో, కావాలనో, నేటికీ నాకు తెలీదు.
అతనొచ్చాడు. చెయ్యి వేశాడు.
ఆమె కత్తి కింద పెట్టి
ఎర్ర బటన్ నొక్కింది.

బెల్టు ఆగింది.
ఆ గోడ వెనక సముద్రం ఉందని
అప్పుడే మొదటిసారి వినబడింది నాకు.

"నా ముడి వదులు కాలేదు. చెయ్యి తీయండి."
అరవలేదు. ధర చెప్పినట్టు చెప్పింది.
"తమాషాకన్నానే!" అన్నాడతను, మావైపు తిరిగి.
మా నవ్వు కోసం చూశాడు.
ఈసారి ఆలస్యంగా కూడా రాలేదు అది.

రెండో కత్తి నేను కింద పెట్టానని
రాసుకోవాలని ఉంది.
రెండోది రెమెదియోస్‌ది.
నాది ఐదోది.

పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి
తేదీలు రాసివ్వమంది.
కాగితం ముందు కూర్చుంటే తేదీలు గుర్తు రాలేదు.
ఆ రోజు ఏ చేప వచ్చిందో గుర్తుంది.
మాకెరెల్. ఇంకోసారి ట్యూనా.
మా చిన్నాడికి జ్వరమని తొందరగా వెళ్ళాలనుకున్న రోజు, మళ్ళీ సార్డీన్.
అవే రాశాను.

"ఇన్నేళ్ళూ ఎవ్వరికీ ఎందుకు చెప్పలేదు?" అందావిడ.
చెప్పాం మేడమ్.
వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పాం.
ముడి ముందుకు కట్టుకోమని.

ఎలాడియో ఇప్పుడు మా వరసలో లేడు.
విచారణ ఇంకా నడుస్తోంది.
అతనితో కాఫీ తాగేవాళ్ళు
నన్ను చూసి కుర్చీ జరుపుకుంటున్నారు.

సోమవారం ఇంకో అమ్మాయి చేరింది, పేరు నోయ్లా.
కత్తి ఇవ్వక ముందే ఎర్ర బటన్ చూపించాను.
"నొక్కితే జీతం కోస్తారా?" అంది.
కొయ్యకూడదని రాయించుకున్న కాగితం
బట్టల గది తలుపుకి అంటించి ఉంది, చదువుకోమన్నాను.
ఏప్రన్ అందించాను.
నోటి దాకా వచ్చింది ఆ పాత మాట.
మింగాను.

తను వెనక్కి కట్టుకుంది, చక్కగా, పువ్వులా.
నేను నా తాళ్ళు వెనక్కి తీసుకెళ్ళి చూశాను.
వేళ్ళకి దారి తెలియలేదు.